1600 మీటర్లు: ప్రాక్టీసులో 6:55 వచ్చేవాళ్లు ఈవెంట్‌లో 7:17కి ఎందుకు పడిపోతున్నారు?

గ్రౌండ్_మాస్టర్
పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో ఉండే పరుగు, జంప్ పరీక్షలు, అంటే ఈవెంట్స్‌కి తయారయ్యే కుర్రాళ్ల బ్యాచ్ ఇది. తెలంగాణలో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోపు రావాలి. ప్రాక్టీసులో 6:50, 6:55కి వచ్చేవాళ్లే, అసలు ఈవెంట్‌లా పెద్ద గుంపుగా నిలబెట్టి విజిల్ వేస్తే టైమ్ దాటేస్తున్నారు. ఒకడి రౌండ్లు చెప్తా, ఒక్కోటి 400 మీటర్లు: 1:25, 1:45, 2:02, 2:05. మొత్తం 7:17, రెండు సెకన్లలో పోయింది. అందరిదీ ఒకటే మాట: మూడో రౌండ్‌లో తొడలు బిగుసుకుపోయాయి, నోరు ఎండిపోయింది, ఎంత పీల్చినా గాలి చాల్లేదు. లైన్ దాటగానే ఇద్దరు కక్కేశారు. పరుగుకు అరగంట ముందు అందరికీ గ్లూకోజ్ నీళ్లు పట్టిస్తున్నాం. డోసు పెంచాలా? లేక దమ్మే చాలడం లేదా?

ఉరుకుడే_ఉరుకుడు
ఇంకో రెండు చెంచాలు ఎక్కువెయ్యి అన్నా, పైన నిమ్మకాయ పిండు. మస్తు ఉరుకుతరు.

కండరాల_లెక్క
వద్దు మాస్టారూ, ఇస్తున్నది కూడా ఆపేయండి. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు 1 కిలోకేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల కుర్రాడికి 1.6 కి.మీ.కి 105 కిలోకేలరీలు. అదంతా పిండిపదార్థం నుంచే వచ్చిందనుకున్నా 26 గ్రాములు. వాడి కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో 400–500 గ్రాములు ముందే ఉంది. రాత్రి అన్నం తిని పడుకున్నవాడికి ఏడు నిమిషాల్లో ఇంధనం అయిపోదు.

గ్లాసు నీళ్లలో రెండు పెద్ద చెంచాలు గుమ్మరిస్తే 10–15 శాతం ద్రావణం అవుతుంది. అంత చిక్కటిది కడుపులోంచి తొందరగా కిందికి దిగదు. ఇక పరుగు మొదలైతే రక్తమంతా కాళ్లవైపు మళ్లుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో కండరాలకు 15–20 శాతం వెళ్తే, గట్టి పరుగులో 80 శాతం అటే పోతుంది. పేగులకు కోత పడుతుంది, తాగింది కడుపులోనే ఊగుతూ ఉంటుంది. ఆ ఇద్దరూ కక్కింది దాన్నే. ఇంకో సంగతి, అరగంట ముందు తీపి తాగితే ఇన్సులిన్ లేస్తుంది, కొందరికి సరిగ్గా విజిల్ వేళకే రక్తంలో చక్కెర పడి కళ్లు తిరిగినట్టుంటుంది.

నిమ్మసోడా
గ్రౌండ్ గేటు దగ్గర గ్లూకోజ్ ప్యాకెట్లమ్మే ఆయన ఈ పోస్టు చూస్తే ఊరుకోడు.

ల్యాప్_కౌంటర్
గ్లూకోజ్ పక్కన పెట్టి రౌండ్ టైములు చూడండి, తప్పు అక్కడే కనిపిస్తోంది. 7:15 అంటే 435 సెకన్లు. రౌండుకు 1:48, ఇంకొంచెం. మీవాడు మొదటి రౌండే 1:25లో కొట్టాడు, అంటే 23 సెకన్లు ముందున్నాడు. ఆ మిగులంతా వడ్డీతో సహా చివరి రెండు రౌండ్లలో కట్టాడు.

కండరాల_లెక్క
@ల్యాప్_కౌంటర్ సరిగ్గా పట్టుకున్నారు. ఒంట్లో ఏం జరిగిందో చెప్తా.

7:15 వేగం గంటకు 13.2 కి.మీ. ఆ వేగానికి ఒళ్లు అడిగే ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి సుమారు 47–48 మిల్లీలీటర్లు. 1:25 రౌండ్ అంటే గంటకు దాదాపు 17 కి.మీ., అది అడిగేది 60. బాగా తయారైన కుర్రాడి గరిష్ఠం 50 అనుకోండి, మిగిలిన 10 ఆక్సిజన్ లేకుండా నడిచే దారిలోంచే రావాలి. అందులోనూ మొదటి నిమిషంలో ఆ 50 కూడా పూర్తిగా అందదు. విజిల్ పడగానే కండరానికి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది గానీ గుండె, ఊపిరి, రక్తనాళాలు దాన్ని అందుకోవడానికి ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఈ లోపు నడిపేది కండరంలోనే నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్, గ్లైకోజెన్‌ని హడావిడిగా విరిచే గ్లైకోలిసిస్. క్రియాటిన్ ఫాస్ఫేట్ పూర్తి వేగంలో పది సెకన్ల సరుకు. రెండోదాని వెంట ఆమ్లత్వం పోగవుతుంది.

ఏడు నిమిషాల పరుగులో మొత్తం శక్తిలో 85 శాతానికి పైగా ఆక్సిజన్ దారినుంచే వస్తుంది. ఆ మిగతా 15 శాతాన్ని నాలుగు రౌండ్లకూ సర్దుకోవాలి, చివరి 200కి కొంచెం మిగల్చాలి. మీవాడు మొదటి రౌండ్లోనే చాలావరకు ఊడ్చేశాడు.

పీడీ_సార్
అంటే లాక్టిక్ యాసిడ్ అన్నమాట. దాన్ని ఇంత చుట్టు తిప్పి చెప్పాలా? పేరుకుంటుంది, కాళ్లు పడతాయి, మర్నాడు నొప్పులు. సాయంత్రం నూనె పెట్టి మర్దనా చేస్తే కరుగుతుంది.

రన్నింగ్_ఫిజియో
మర్నాటి నొప్పులకీ, లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపమైన లాక్టేట్‌కీ సంబంధం లేదు సార్. ఊరికే కూర్చున్నా గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మెల్లగా జాగింగ్ చేస్తే ఇంకా ముందే. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అది కండరపు పోగుల్లో చిన్న చిన్న చిరుగుల వల్ల, వాటి చుట్టూ వచ్చే వాపు వల్ల. దిగుడు పరుగు, మెట్లు దిగడం, లాంగ్ జంప్ ల్యాండింగ్ లాంటివి, అంటే కండరం సాగుతూ బరువు మోసే పనులు దాన్ని ఎక్కువ చేస్తాయి. మర్దనా హాయిగా ఉంటుంది, చేయించుకోండి, కరిగించడానికి అక్కడ యాసిడ్ ఏమీ ఉండదు.

అసలు లాక్టేట్ ఇంధనం. ఒక కండరంలో తయారైంది పక్క కండరం, గుండె కాల్చుకుంటాయి, కొంత కాలేయానికి వెళ్లి మళ్లీ గ్లూకోజ్ అవుతుంది.

పీడీ_సార్
సరేనయ్యా, లాక్టేట్ మంచిదే అనుకుందాం. మూడో రౌండ్‌లో తొడల మంట అబద్ధమా మరి?

రన్నింగ్_ఫిజియో
మంట నిజమే సార్. లాక్టేట్‌తో పాటే హైడ్రోజన్ అయాన్లు పెరుగుతాయి, కణం ఆమ్లంగా మారుతుంది. క్రియాటిన్ ఫాస్ఫేట్ విరిగినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేట్ కండరం బిగిసే పట్టును తగ్గిస్తుంది. కణంలోంచి పొటాషియం బయటికి కారి నరం నుంచి వచ్చే సంకేతం బలహీనపడుతుంది. మూడూ ఒకేసారి పడితే మనసు ఉరకమన్నా కాలు లేవదు. లాక్టేట్ అక్కడ దొరికిన సాక్షి, నేరం చేసినవాడు వేరు.

నిమ్మసోడా
పీడీ సార్, బెయిల్ ఇప్పించండి పాపం.

విజయనగరం_వాకిలి
మాకు ఆంధ్రాలో 1600కి 8 నిమిషాలు, రౌండుకి రెండు. అయినా ఇదే గోల. ఇక్కడొక కోచ్ ముక్కుతోనే పీల్చాలి, నోరు తెరిస్తే దమ్ము పోతుంది అంటున్నాడు. నిజమేనా?

కండరాల_లెక్క
కాదు. కూర్చున్నప్పుడు నిమిషానికి 6–8 లీటర్ల గాలి ఆడుతుంది. ఈ పరుగులో 100 లీటర్లు దాటుతుంది. అంత గాలిని ముక్కు ఒక్కటే లాగలేదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది, తెరుచుకోనివ్వండి. బలవంతంగా మూయిస్తే మెడ, భుజాలు బిగుస్తాయి.

గాలి చాల్లేదు అనిపించడం కూడా ఊపిరితిత్తుల లోపం అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి ఆ క్షణంలో వేలికి ఆక్సీమీటర్ పెట్టినా సాధారణంగా 95 పైనే చూపిస్తుంది. ఆ ఎగశ్వాస ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్‌నీ ఆమ్లాన్నీ బయటికి తోసేయడానికి మెదడు చేసే పని. ఊపిరి గట్టిగా వదలడం మీద దృష్టి పెడితే చాలు, పీల్చడం దానంతటదే జరుగుతుంది.

నోరు ఎండిపోవడం కూడా దాహం కాదు మాస్టారూ. ఆందోళనకి లాలాజలం ఆగిపోతుంది, పైగా నోటితో గాలి. ఏడు నిమిషాల్లో ఒళ్లు ఎండిపోయేంత చెమట పట్టదు.

ఎర్రమట్టి_ట్రాక్
ఎవరూ లేన్ల సంగతి ఎత్తలేదు. 400 మీటర్ల ట్రాక్‌లో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక లేన్ బయటికి జరిగి రౌండ్ పూర్తి చేస్తే 7.66 మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లూ రెండో లేన్‌లోనే ఉరికితే 30 మీటర్ల పైమాట, 7:15 వేగంలో 8 సెకన్లు! రెండు సెకన్లలో పోయినవాడి సంగతి ఆలోచించండి. ఆ ఎక్కువంతా మలుపుల్లోనే వస్తుంది. కాబట్టి మలుపులో లోపలి గీత పట్టుకో, దాటాలంటే నేరుగా ఉన్న చోట దాటు. గుంపు అడ్డొస్తే మలుపు అయ్యేదాకా ఓపిక పట్టు.

ఉరుకుడే_ఉరుకుడు
గుంపుల ఎనకబడితే ముందుకు పోనియ్యరు అన్నా. తోసుకుంటరు. గందుకే ఫస్టే ఉరుకుతరు పోరగాళ్లు.

ల్యాప్_కౌంటర్
ఆ మాటలో నిజముంది. మొదటి 100 మీటర్లు చురుగ్గా పోనివ్వండి, 24–25 సెకన్లు. చోటు దొరుకుతుంది, గుండె కూడా తొందరగా అందుకుంటుంది. మలుపు తిరిగేలోపు 27కి దిగాలి. నేను రాసిచ్చే రౌండ్లు: 1:45, 1:49, 1:49, 1:45. మొత్తం 7:08. ప్రాక్టీసులో 6:50 వచ్చేవాడికి ఇది బరువు కాదు. ఈవెంట్ రోజు రెండో రౌండ్లో నింపాదిగా ఉన్నట్టు అనిపిస్తుంది, చాలామంది వెనకబడిపోతున్నామని అక్కడ భయపడతారు. 200 దగ్గర ఒక మనిషిని నిలబెట్టి టైమ్ అరిపించండి, వారంలో కాళ్లకే ఆ వేగం తెలిసిపోతుంది.

గ్రౌండ్_మాస్టర్
అది బాగుంది. కానీ ప్రాక్టీసులో వీళ్లంతా మొదటి రౌండ్ 1:42, 1:43లో కుదురుగానే ఉరుకుతారు. విజిల్ పడితేనే పిచ్చెక్కుతుంది. ఎందుకు?

రన్నింగ్_ఫిజియో
అడ్రినలిన్. లైన్ మీద నిలబడ్డవాడి నాడి పట్టి చూడండి, అడుగు వేయకుండానే 110, 120 ఉంటుంది. కాలేయం గ్లూకోజ్ వదులుతుంది, కండరాల్లో గ్లైకోజెన్ విరగడం పెరుగుతుంది, శ్రమ తెలియడం తగ్గుతుంది. 1:25 వేగం వాడికి 1:42 లాగే అనిపిస్తుంది. మొదటి నిమిషంలో ఒళ్లు చెప్పేది నమ్మకూడదు, గడియారాన్నే నమ్మాలి. వారానికోసారి గుంపు, విజిల్, నెంబర్లు, అరుపులతో సహా ఉరికించండి. అలవాటైనకొద్దీ ఆ ఉలికిపాటు తగ్గుతుంది.

రెండో కారణం ఎవరూ పట్టించుకోరు. ఈవెంట్ రోజు తెల్లారకముందే రిపోర్టింగ్, సర్టిఫికెట్ల లైను, టైమ్ లెక్కించే చిప్ కట్టడం, తర్వాత కింద కూర్చోబెట్టడం. ప్రాక్టీసులో పది నిమిషాలు జాగింగ్ చేసి వెంటనే ఉరుకుతారు, అక్కడ గంటసేపు కూర్చుని చల్లబడ్డ కాళ్లతో ఉరుకుతారు. కండరం వేడిగా ఉంటే రక్తం ఆక్సిజన్‌ని తేలిగ్గా వదులుతుంది, రక్తనాళాలు ముందే విచ్చుకుని ఉంటాయి. ఆ ఒకటిన్నర నిమిషాల ఆలస్యం తగ్గేది దాంతోనే.

చేయాల్సింది: బ్యాచ్ పిలుపుకు పావుగంట, ఇరవై నిమిషాల ముందు 8–10 నిమిషాల మెల్లటి జాగింగ్, కాళ్లు ఊపే వ్యాయామాలు, తర్వాత 60 మీటర్ల పరుగులు మూడు నాలుగు, ఈవెంట్ వేగం కంటే కొంచెం ఎక్కువగా. చోటు లేకపోతే నిలబడ్డ చోటే మోకాళ్లు పైకెత్తి ఉరకడం, గుంజీలు. ట్రాక్‌ప్యాంటు చివరిదాకా విప్పొద్దు. ఒక్కో కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్ అప్పుడు వద్దు, బలం కాస్త తగ్గిస్తుంది.

అల్లం_టీ
తిండి? ఐదింటికి రిపోర్టింగ్ అంటే ఏం తినాలి?

కండరాల_లెక్క
రాత్రి భోజనమే అసలు తిండి: అన్నం, పప్పు, పెరుగు, నూనె తక్కువ, తొందరగా. పొద్దున పరుగుకు గంటన్నర ముందు ఒక అరటిపండు, రెండు ముక్కలు బ్రెడ్డు. మూడు గంటల టైముంటే రెండు మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ వద్దు, కొవ్వు కడుపులో ఆలస్యం చేస్తుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగాలి, చివరి అరగంటలో పెద్ద గ్లాసులు వద్దు. పక్కటెముకల కింద పోటు వచ్చేది ఎక్కువగా ఆ నిండు కడుపుతోనే. వస్తే వేగం కాస్త తగ్గించి, పోటు ఉన్న చోట చేత్తో నొక్కి, ఊపిరి పూర్తిగా వదలాలి.

స్పైక్స్_లేని_సీను
కాఫీ తాగితే లాభమంటారు, వంటసోడా కూడా అంటారు. వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

రన్నింగ్_ఫిజియో
రెండూ పూర్తిగా పుకార్లు కావు, చిక్కంతా అక్కడే ఉంది. కెఫీన్ కిలో బరువుకు 3 మి.గ్రా. నుంచి పనిచేస్తుంది, గంట ముందు తీసుకోవాలి. 60 కిలోలకు 180 మి.గ్రా., గట్టి కాఫీలు రెండు. ముందే నాడి 120లో ఉన్న కుర్రాడికి చేతులు వణకొచ్చు, మరుగుదొడ్డి గుర్తుకు రావచ్చు. ప్రాక్టీసులో చూడకుండా ఈవెంట్ రోజు మొదటిసారి తాగొద్దు.

వంటసోడా రక్తంలో ఆమ్లాన్ని తట్టుకుంటుంది, నిజమే. పరిశోధనల్లో వాడే మోతాదు కిలోకు 0.2–0.3 గ్రాములు. 60 కిలోలకు 12–18 గ్రాములు, అంటే మూడు చెంచాల వంటసోడా. కడుపుబ్బరం, వాంతి, విరేచనాలు. కలిసొచ్చే సెకన్ల కంటే మరుగుదొడ్డి వెతకడంలో పోయేవే ఎక్కువ. నొప్పి బిళ్లలు వేసుకుని ఉరకడం ఇంకా ప్రమాదం, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకు దెబ్బ.

నిమ్మసోడా
సోడా అంటే నన్నేమో అనుకున్నా.

మహిళా_బ్యాచ్_కోచ్
అమ్మాయిల సంగతి ఎవరూ ఎత్తరేం? తెలంగాణలో 800 మీటర్లకు 5:20, రౌండుకు 2:40. వేగం ప్రకారం కష్టం కాదు, కిలోకు 33–34 మి.లీ. ఆక్సిజన్ చాలు. అయినా ఆగిపోతున్నారంటే ముందు రక్తపరీక్ష చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత.

ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. ప్రతి 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములుంటే 16 మి.లీ. ఆక్సిజన్, 9 ఉంటే 12. అదే గుండె, అవే ఊపిరితిత్తులు, నాలుగో వంతు సరఫరా తక్కువ. ఎంత ఉరికించినా ఆ లోటు పూడదు, ఆయాసం ముదురుతుందంతే. డాక్టర్ చెప్పిన ఐరన్ బిళ్ల వేసుకున్నాక గంటన్నర వరకూ టీ, కాఫీ, పాలు వద్దు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. హిమోగ్లోబిన్ పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ రోజే పరీక్ష చేయించాలి, ఈవెంట్ తేదీ వచ్చాక కాదు. నెలసరి రోజుల్లో ఉరికితే ప్రమాదమన్నది ఉట్టిమాట, ఒంట్లో బాగుంటే ఉరకొచ్చు.

అల్లం_టీ
అక్కా, ఇది పిన్ చేయించాలి.

రన్నింగ్_ఫిజియో
అక్క రక్తం మాట ఎత్తారు కాబట్టి సికిల్ సెల్ కూడా, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త లోపం అది. ఏజెన్సీ ప్రాంతాల పిల్లలు బ్యాచ్‌లో ఉంటే తప్పకుండా పరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రుల్లో చేస్తారు. ఆ లక్షణం మోసేవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. వేడిలో, ఎండిపోయిన ఒంటితో, విరామం లేకుండా పూర్తి వేగంతో రిపీట్లు, అంటే అదే దూరం మళ్లీ మళ్లీ, కొట్టిస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి కండరాలకు రక్తం ఆపేస్తాయి. చూడ్డానికి కాళ్లు పట్టేయడంలా ఉండదు: కండరం మెత్తగానే ఉంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, కాళ్లలో సత్తువ లేక కూలబడతాడు. నటిస్తున్నాడని లేపి ఉరికించకండి. ఆపి, చల్లబరిచి, ఆసుపత్రికి. వాళ్లకి రిపీట్ల మధ్య విరామం ఎక్కువ ఇవ్వాలి, పోటీ పెట్టకూడదు.

విజయనగరం_వాకిలి
2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికల్లో 10 కి.మీ. పరుగులో చాలామంది చనిపోయారు కదా. అది చూశాక ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు.

కండరాల_లెక్క
భయం తప్పు కాదు. అక్కడ దూరం ఎక్కువ, నెల ఆగస్టు. 1600లో వేడి అంత పేరుకోదు గానీ మూడు జాగ్రత్తలు. ఉరుకుతుండగా స్పృహ తప్పిన, ఛాతీలో నొప్పొచ్చిన, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయినవాడికి ఈసీజీ తీయించకుండా ట్రాక్ ఎక్కించొద్దు. జ్వరం ఉన్నవాడు ఆ వారం ఉరకొద్దు, గుండె కండరానికి వాపు ఉంటే అప్పుడే ముప్పు. లైన్ దాటినవాడిని ఎక్కడికక్కడ కూర్చోనివ్వొద్దు. పరుగులో పిక్కలు పిండుతూ రక్తాన్ని గుండెకు తోస్తుంటాయి, ఒక్కసారి ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి బీపీ పడిపోతుంది. ఐదు నిమిషాలు నడిపించండి. పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి, నిమిషంలో తేరుకుంటాడు. తేరుకోకుండా తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బ: అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా అక్కడే బకెట్లతో చల్లటి నీళ్లు పోయండి, ఐసు ఉంటే ఐసు.

పీడీ_సార్
మంచి మాట చెప్పావు. మావాళ్లు చుట్టూ మూగి నోట్లో నీళ్లు పోస్తారు. స్పృహ లేనివాడికి నోట్లో చుక్క కూడా పోయకూడదు.

గ్రౌండ్_మాస్టర్
ఇంకా మూడు వారాలుంది. ఏం చేయించమంటారు?

ల్యాప్_కౌంటర్
మొదటి రెండు వారాలు, వారానికి రెండు గట్టి రోజులు. ఒకరోజు 400 మీటర్లు ఆరు, ఒక్కోటి 1:44–1:46, మధ్యలో 90 సెకన్లు మెల్లటి జాగింగ్. ఇంకోరోజు నాలుగేసి నిమిషాల గట్టి పరుగు నాలుగుసార్లు, మధ్య మూడు నిమిషాలు. మిగతా రోజులు మాట్లాడుతూ ఉరికే వేగంలో అరగంట. ఆరింటిలో ఒక్కటి 1:35 కొట్టి చివరిది 2:00 వస్తే ఆ సెషన్ దండగ. చివరి వారం దూరం సగానికి తగ్గించండి, వేగం తగ్గించొద్దు. నాలుగు రోజులు తేలిగ్గా ఉంటే దమ్ము పోతుందని కుర్రాళ్లు గోల పెడతారు, పట్టించుకోకండి. దమ్ము తగ్గాలంటే రెండు మూడు వారాలు పూర్తిగా మానేయాలి.

ఉరుకుడే_ఉరుకుడు
సరే గ్లూకోజ్ బంద్. లాంగ్ జంప్, షాట్‌పుట్ సంగతేంది? రన్నింగ్ కొట్టినంక అవి కూడా ఉంటయి.

ఎర్రమట్టి_ట్రాక్
క్రియాటిన్ ఫాస్ఫేట్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో తిరిగి నిండుతుంది, కాళ్లలో ఆమ్లం తగ్గడానికి అరగంట పైన కావాలి. ఆ టైములో నడుస్తూ ఉండాలి. గ్లూకోజ్ నీళ్లు తాగాలనుంటే అప్పుడు తాగు తమ్మీ, పల్చగా. షాట్‌పుట్‌కి పెద్ద తేడా రాదు. లాంగ్ జంప్‌లో అలసిన కాళ్లతో అడుగులు చిన్నవవుతాయి, పాత గుర్తు నుంచి ఉరికితే ఎగరడానికి పెట్టిన పలకకి ముందే ఎగరాల్సి వస్తుంది. వాడు ప్రాక్టీసులో పెట్టుకున్న గుర్తుని ఒక అడుగు, అడుగున్నర ముందుకి జరిపి, 1600 అయిన అరగంటకి జంప్ చేయించి ఇప్పుడే చూసుకోండి. పాసవ్వాల్సిన 4 మీటర్లకి ఆ అడుగే చాలు.